నీళ్లు అద్దంలా ఉన్నా చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకు మూడు వారాల కిందట రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అక్వేరియం కొన్నాము. అదే రోజు ఆరు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి వేశాము. నాలుగో రోజుకు నీళ్లు పల్చటి పాలలా తెల్లబడ్డాయి. దుకాణంలో అడిగితే నీళ్లన్నీ మార్చేయమన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం చేపలను బకెట్‌లోకి తీసి, తొట్టి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి అన్నీ కుళాయి కింద బ్రష్షుతో రుద్ది కడిగి కొత్త నీళ్లు నింపుతున్నాను. నీళ్లు అద్దంలా ఉంటున్నాయి. అయినా ఇప్పటికి నాలుగు చేపలు పోయాయి. ఒక ఆదివారం నీళ్లు మార్చిన గంటకే అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి, సాయంత్రానికి ఒకటి చనిపోయింది. మిగతా మూడూ బుధ, గురువారాల్లో పోయాయి. దుకాణంలో ఇచ్చిన నీలం మందు కూడా వేశాను. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. టీడీఎస్ 850 ఉందని ప్యూరిఫయర్ మెకానిక్ చెప్పాడు. ఆర్ఓ నీళ్లు పోస్తే బతుకుతాయా? చప్పుడుకు నిద్ర పట్టక రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేస్తున్నాము, అది తప్పా? ఇంకో నాలుగు చేపలు తెమ్మని అబ్బాయి రోజూ అడుగుతున్నాడు.
— ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ చేపలు మీ నిర్లక్ష్యం వల్ల పోలేదు. గిన్నె జిడ్డు పడితే తోముతాము, నీళ్లు కలకబారితే పారబోస్తాము; ఇంట్లో ప్రతి వస్తువు మీద చూపించే శ్రద్ధనే మీరు తొట్టి మీదా చూపించారు. అయితే చేపను చంపే విషం కంటికి కనబడేది కాదు, ఆ విషాన్ని విరిచే జీవులేమో మీరు ప్రతి ఆదివారం బ్రష్షుతో రుద్ది వదలగొట్టిన ఆ జిగట పొరలోనే ఉంటాయి. ఈ సంగతి బోధపడితే మీరు అడిగిన మిగతా ప్రశ్నలకు కూడా దారి దొరుకుతుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఈ రోజే చేయవలసినవి. కొత్త చేపలు తేవద్దు. తొట్టిని, రాళ్లను, స్పాంజిని కడగవద్దు. ఫిల్టర్‌ను రాత్రింబగళ్లు నడవనివ్వండి. నీలం మందు ఇక వేయవద్దు. మిగిలిన రెండు చేపలకు రెండు రోజులు మేత ఆపండి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్ రెండు మూడు రోజుల పస్తును ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకుంటుంది. ఒక బకెట్ నీళ్లు పట్టి పక్కన పెట్టి, రేపు ఇదే వేళకు తొట్టిలోని నీటిలో నాలుగో వంతు మాత్రం తీసి ఆ బకెట్ నీళ్లు పోయండి. మీ తొట్టి కొలత ప్రకారం అంచుదాకా నింపితే 56 లీటర్లు పడతాయి; పైన వదిలిన జాగా, అడుగున రాళ్లు పోగా అందులో ఉండే నీళ్లు సుమారు 45 లీటర్లే. నాలుగో వంతు అంటే పదకొండు పన్నెండు లీటర్లు, ఒక మామూలు బకెట్‌కు కొంచెం తక్కువ.

ఇక కారణానికి వస్తాను. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే వ్యర్థం అమ్మోనియా. దానిలో ఎక్కువ భాగాన్ని చేప మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదులుతుంది. తినకుండా మిగిలిన మేత, మలం కుళ్లినా వచ్చేది అమ్మోనియాయే. చెరువులో, కాలువలో ఆ అమ్మోనియా విస్తారమైన నీటిలో కలిసి పలచబడిపోతుంది. 45 లీటర్ల తొట్టిలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు వదిలే అమ్మోనియాకు పోయే చోటు లేదు. దానికి రంగు లేదు, చేపలకు హాని చేసే మోతాదులో మనకు వాసన కూడా తెలియదు. అందుకే మీ తొట్టిలో నీళ్లు అద్దంలా ఉన్న బుధవారం నాడే చేప చనిపోయింది.

ఈ అమ్మోనియాను విరవడానికి ప్రకృతిలో రెండు రకాల సూక్ష్మజీవులు ఉన్నాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నేలలో ఈ మార్పు రెండు అంచెలుగా, వేరువేరు బ్యాక్టీరియాల వల్ల జరుగుతుందని సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త 1890 ప్రాంతంలోనే చూపించారు. మంచినీటి అక్వేరియంలలో రెండో అంచె పని చేసేది, అంతవరకు అందరూ అనుకుంటున్నట్టు నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా జాతికి చెందినదని 1998లో టిమోతీ హోవానెక్ బృందం తేల్చింది. ఈ జీవులు నీటిలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజి రంధ్రాలను, గులకరాళ్లను, అద్దాన్ని అంటిపెట్టుకుని పలచటి జిగట పొరగా పెరుగుతాయి. పెరుగుదల కూడా చాలా నెమ్మది. పాలు విరగ్గొట్టే బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలిగితే వీటికి ఎంతో అనుకూలమైన పరిస్థితుల్లో కూడా చాలా గంటలు, మామూలుగా రోజు పైచిలుకు పడుతుంది. కొత్త తొట్టిలో ఇవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

పెరుగు తోడు వేసే మనకు ఇది కొత్త విషయమేమీ కాదు. గోరువెచ్చటి పాలలో తోడు వేసి, కదపకుండా ఒక మూల పెడతాము. గంటకోసారి తీసి గిన్నె కడిగి మళ్లీ కొత్త పాలు పోస్తే ఆ ఇంట్లో పెరుగు ఎప్పటికీ పేరుకోదు. మీ తొట్టిలో మూడు వారాలుగా జరిగింది సరిగ్గా ఇదే. నాలుగో రోజున కనిపించిన తెలుపు కూడా రోగం కాదు. మిగిలిన మేతను తిని వేగంగా పెరిగే వేరే రకం బ్యాక్టీరియా కొత్త తొట్టిలో ఒక్కసారిగా విజృంభించినప్పుడు నీళ్లు అలా తెల్లబడతాయి. మేత తగ్గించి, గాలి బుడగలు బాగా వచ్చేలా చూస్తే నాలుగైదు రోజుల నుంచి వారం, పది రోజుల లోపల అదే తేరుకుంటుంది. ఆ తెలుపు చూసి నీళ్లన్నీ మార్చేయమనడం మన ఊళ్లలో చాలా దుకాణాలవారు చెప్పే సలహా, నాకు మాత్రం అది ఎంతమాత్రం సమ్మతం కాదు.

తోడు అన్నాను కాబట్టి ఒక మంచి మార్గం చెబుతాను. మీ బంధువుల్లో గానీ, అపార్ట్‌మెంట్‌లో గానీ ఎవరింట్లోనైనా ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న అక్వేరియం ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి, ఆరిపోకుండా అదే తొట్టి నీళ్లతో ఉన్న డబ్బాలో తెచ్చి, మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఆరు వారాల నిరీక్షణ రెండు వారాలకు తగ్గవచ్చు. వాళ్ల చేపలకు జబ్బు ఏదీ లేదని మాత్రం ముందు నిర్ధారించుకోండి. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణాలు కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. ఎండలో, వేడి గోదాములో నెలల తరబడి పడి ఉన్న సీసాను నమ్ముకోవడం కన్నా పొరుగింటి స్పాంజి ముక్క నూరు పాళ్లు మేలు. మీరు వేసిన నీలం మందు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. అది గుడ్లకు, చర్మం మీద బూజుకు వేరే పాత్రలో వాడవలసిన మందు. నడుస్తున్న తొట్టిలో వేస్తే అప్పుడే పుట్టుకొస్తున్న ఈ మేలు చేసే బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది.

అమ్మోనియా ఎంత ఉంటే ప్రమాదమన్నది ఆ నీటి పీహెచ్ మీద, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె మీద ఆధారపడి ఉంటుంది, మన ప్రాంతంలో తొట్టి పెట్టుకున్న ప్రతివారూ ఇది తెలుసుకోవాలి. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పలను కాల్చివేసే అసలు అమ్మోనియా. 28 డిగ్రీల వేడి ఉన్న నీటిలో పీహెచ్ 7 అయితే మొత్తంలో విషరూపం 0.7 శాతమే, పీహెచ్ 8 అయితే అది 6.5 శాతం, 8.5 అయితే 18 శాతం. అంటే పీహెచ్ తక్కువున్న మెత్తని నీళ్లలో, అనగా లవణాలు తక్కువున్న నీళ్లలో ఏమీ చేయని మోతాదు, పీహెచ్ ఎక్కువుండే మన బోరు నీళ్లలో చేపను చంపగలదు. విషరూపం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. మీ తొట్టిలో పీహెచ్ 8 ఉండి, టెస్ట్ కిట్ మొత్తం అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము అని చూపిస్తే మీరు ఆ గీత దాటినట్టే.

అమ్మోనియా తగ్గుముఖం పట్టిన తరువాత నైట్రైట్ పెరిగే దశ వస్తుంది. అది మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. నీటిలో గాలి పుష్కలంగా ఉన్నా చేప ఊపిరాడనట్టు పైకి వచ్చి గుటకలు వేస్తుంది, మొప్పలు ఎర్రగా ఉండవలసింది గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ దశలో లీటరుకు 1 గ్రాము చొప్పున దొడ్డుప్పు ఒక మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి, రెండు మూడు దఫాలుగా పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. మీ తొట్టికి 45 గ్రాములు చాలు. గోల్డ్‌ఫిష్‌కు ఆ మాత్రం ఉప్పు హాని చేయదు. ఆ తరువాత నీళ్లు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పే కలపాలి తప్ప ప్రతిసారీ 45 గ్రాములు వేయకూడదు, ఎందుకంటే నీరు ఆవిరైపోయినా ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది.

మీ ఉత్తరంలో నాకు చాలా ఉపయోగపడిన వాక్యం, ఒకసారి గంటకే, మిగతాసార్లు బుధ, గురువారాల్లో అన్నది. నీళ్లు మార్చిన గంట రెండు గంటల లోపల చేపలు తల్లడిల్లితే తప్పు కొత్తగా పోసిన నీళ్లలో ఉంది. మూడు నాలుగు రోజుల తరువాత ఒక్కొక్కటిగా పోతే తప్పు తొట్టిలో పేరుకుంటున్న అమ్మోనియాలో ఉంది. మీ ఇంట్లో రెండూ జరిగాయి. ఆ ఒక్క ఆదివారం మీ సంపులోకి మున్సిపల్ నీళ్లు అప్పుడే వచ్చి ఉండాలి, లేదా సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసి ఉండాలి. తాగునీటికి దేశంలో అమలులో ఉన్న ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరిన్‌లో పదో వంతు కూడా చేప మొప్పలకు చేటు చేస్తుంది.

ఇది నా ఇంట్లోనే జరిగింది. మేము ఇదివరకు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఒక ఉదయం మిద్దె మీది ట్యాంకులు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేశారు. ఆ సంగతి మా అంతస్తులో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నేను మామూలుగానే రెండు బకెట్లు పట్టి తొట్టిలో పోశాను. పది నిమిషాల్లో నా గప్పీ చేపలు అద్దానికి తల కొట్టుకుంటూ పిచ్చెత్తినట్టు ఈదడం మొదలుపెట్టాయి, ఒంటి మీద తెల్లటి జిగురు పలచటి బట్టలా లేచింది, తరువాత ఒక్కొక్కటే పక్కకు ఒరిగి అడుగున చేరాయి. అప్పుడు ఖాళీ బకెట్‌లోకి ముఖం వంచితే బ్లీచింగ్ వాసన గుప్పున కొట్టింది. ఇంట్లో ఉన్న యాంటీ క్లోరిన్ చుక్కలు వేసేసరికి పదకొండు చేపలు పోయాయి, ఆరు మిగిలాయి. అప్పటి నుంచి వాచ్‌మన్‌ను అడగకుండా, మగ్గులో నీళ్లు పట్టి వాసన చూడకుండా ఒక్క లీటరు కూడా తొట్టిలో పోయలేదు. మీరూ మీ వాచ్‌మన్‌తో, సంపు కడిగిన రోజున మీకు కబురు చెయ్యమని చెప్పి ఉంచండి.

దీనికి విరుగుడు ఖర్చులేనిది. ఇరవై లీటర్ల బకెట్ ఒకటి చేపలకోసమే వేరుగా, సబ్బు తగలకుండా పెట్టుకోండి. నీళ్లు మార్చవలసిన రోజుకు ముందు రోజే నింపి, మూత పెట్టకుండా, వీలైతే ఎయిర్ పంపు గొట్టం అందులో వేసి 24 గంటలు ఉంచండి. క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. బోరు నీళ్లకు కూడా ఇది ఎంతో అవసరం, ఎందుకంటే లోతైన బోరులోంచి అప్పుడే పైకి వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువ, కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది. బోరు నీళ్ల పీహెచ్ పట్టిన వెంటనే ఒకలా, మర్నాటికి దానికన్నా ఎక్కువగా కనిపించడానికి కారణం ఆ వాయువు బయటికి పోవడమే. మరునాడు బకెట్‌లో చెయ్యి పెడితే తొట్టిలోని నీళ్లకు, దానికి తేడా తెలియకూడదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మిద్దె ట్యాంకు నీళ్లు పట్టారంటే కాలుతూ వస్తాయి కాబట్టి తెల్లవారుజామునే పట్టుకోండి. తొందరగా కావలసినప్పుడు దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన మోతాదులో, బకెట్‌లోనే కలపండి. అమెరికాలో ఉన్న మన పాఠకులు మాత్రం బకెట్ నిలవ మీద ఆధారపడకూడదు. అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతారు, అది ఒక రాత్రిలో పోదు, దానికి విరుగుడు ద్రావణం తప్పనిసరి.

ఆర్ఓ నీళ్ల గురించి అడిగారు. వద్దు. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది, అంతే. అందులో అమ్మోనియా ఉందో లేదో, క్లోరిన్ ఉందో లేదో అది చెప్పదు. 850 అన్న సంఖ్య తాగడానికి మీకు రుచించకపోవచ్చు గానీ గోల్డ్‌ఫిష్, మోలీ, గప్పీ, ప్లాటీ చేపలు గట్టి నీళ్లలో హాయిగా బతుకుతాయి. పైగా గట్టి నీళ్లలోని బైకార్బొనేట్లే పీహెచ్ పడిపోకుండా కాపుకాస్తాయి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది. ఆ బ్యాక్టీరియా 1 గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చేసరికి, కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెప్పాలంటే, సుమారు 7 గ్రాముల క్షారత, అంటే ఆమ్లాన్ని విరిచే శక్తి ఖర్చవుతుంది. అచ్చంగా ఆర్ఓ నీళ్లే పోస్తే ఖర్చు చేయడానికి అందులో క్షారత ఉండదు, కొద్ది వారాల్లో పీహెచ్ 6కు, ఇంకా కిందికి జారిపోతుంది, అక్కడ ఆ బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది. నియాన్ టెట్రా, డిస్కస్ వంటి మెత్తని నీటి చేపలను పెంచేవాళ్లు బోరు నీళ్లలో కొంత పాలు ఆర్ఓ నీళ్లు కలుపుకుంటారు. మీకు ఆ అవసరం లేదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. నీళ్లు కలకబారితే పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం మన పెద్దల నాటి నుంచి వస్తున్న అలవాట్లు. కాలువ నీళ్లలో బురద పేరుకుని అడుక్కి దిగడానికి అవి నిజంగానే పనిచేస్తాయి. అయితే కరిగిన అమ్మోనియా మీద వాటి ప్రభావం ఏమీ ఉండదు. పటిక వేస్తే పీహెచ్ పడిపోవడమే కాక అందులోని అల్యూమినియం మొప్పల మీద పేరుకుంటుంది. చేపలున్న నీళ్లలో పటిక వేయవద్దు. సముద్రపు గవ్వలు, చిప్పలు అలంకారానికి వేసి ఉంటే తీసేయండి. అవి కొద్దికొద్దిగా కరుగుతూ ఇప్పటికే గట్టిగా ఉన్న మీ నీళ్లను మరింత గట్టిపరుస్తాయి. కొన్న రాళ్ల మీద అనుమానముంటే ఒకదాని మీద నిమ్మరసం పిండి చూడండి, నురగ పొంగితే అది సున్నపు రాయి.

రాత్రిళ్లు ఫిల్టర్ ఆపడం తప్పు, పెద్ద తప్పు. బ్యాక్టీరియాకూ ప్రాణవాయువు కావాలి. అది నీటి ప్రవాహంతోనే స్పాంజి లోపలికి చేరుతుంది. నీటిలో పట్టే ప్రాణవాయువే మనం పీల్చే గాలిలో ఉన్నదానితో పోలిస్తే అత్యల్పం, వేడి పెరిగిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు పట్టేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మొక్కలు, నాచు ఉన్న తొట్టిలో చీకటి పడ్డాక అవి ప్రాణవాయువును ఇవ్వడం ఆపి, వాడుకోవడం మాత్రమే చేస్తాయి, అందువల్ల తెల్లవారకముందే నీటిలో అది అతి తక్కువగా ఉంటుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల రైతులు రాత్రి వేళ ఏరియేటర్లు తిప్పి, కోడికూసే వేళకు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగేది ఈ భయంతోనే. చప్పుడు మీకు ఇబ్బంది అయితే ఎయిర్ పంపును గోడకు, చెక్కకు ఆనించకుండా నాలుగు మడతలు వేసిన తువాలు మీద, నీటి మట్టానికి పైన ఉండేలా పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి రాకుండా కూడా అది కాపాడుతుంది. కోతలు ఎక్కువున్న ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోవడం మంచిది. అది లేనప్పుడు మగ్గుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే ధారగా పోస్తూ ఉంటే చేపలు గట్టెక్కుతాయి.

ఎయిర్ పంపు గదిలోని గాలినే లాగి నీటిలోకి పంపుతుందని గుర్తుంచుకోండి. దోమల మందు యంత్రాలు, బొద్దింకల స్ప్రేలలో వాడే పైరిథ్రాయిడ్ మందులు మనుషులకన్నా చేపలకు ఎన్నో రెట్లు విషం. తొట్టి ఉన్న గదిలో వాటిని వాడవద్దు. దోమతెర కట్టుకోవడం మేలు.

స్పాంజి కడిగే పద్ధతి ఒకటి మార్చుకుంటే చాలు, మీ తొట్టి సగం దారిలో పడినట్టే. నీళ్లు మార్చేటప్పుడు గొట్టంతో తీసిన తొట్టి నీళ్లను బకెట్‌లో ఉంచి, ఫిల్టర్ ఆపి, స్పాంజిని ఆ నీళ్లలోనే రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు పిండండి. బెల్లం పానకంలాంటి గోధుమరంగు నీళ్లు దిగుతాయి. వాసన చూడండి. తొలకరి చినుకులకు తడిసిన మట్టి వాసన వస్తే లోపల అంతా క్షేమం. కుళ్లిన గుడ్డు వాసన వస్తే స్పాంజి లోపలికి నీళ్లు పారడం లేదని, మేత ఎక్కువవుతోందని అర్థం. స్పాంజి రంగు కొత్తదానిలా తేలేదాకా పిండకూడదు. ముదురు రంగు అలాగే మిగిలి ఉండాలి. వెంటనే దాన్ని తిరిగి అమర్చి ఫిల్టర్ వేయండి. ఇది కూడా నీటి ధార మందగించినప్పుడే, నెలకోసారో రెండుసార్లో. గులకరాళ్లను బయటికి తీయనవసరమే లేదు, గొట్టం కొనను రాళ్ల మధ్య అక్కడక్కడ దింపుతూ మురికిని నీళ్లతోపాటు లాగేస్తే సరిపోతుంది. అద్దం మీద గోధుమరంగు పొడిలాంటిది పడితే కొత్త తొట్టిలో అది సహజం, ముందువైపు అద్దం మాత్రం తుడిచి మిగతావి వదిలేయండి. తీసిన నీళ్లు పూలకుండీలకు చాలా మంచివి. ఉప్పు కలిపిన వారాల్లో మాత్రం పోయకండి.

రెండు రోజుల పస్తు తరువాత మేత రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంతే వేయండి. డబ్బాతో నేరుగా చల్లడం మానిపించి, అబ్బాయి అరచేతిలో లెక్కపెట్టి ఇవ్వండి. గోల్డ్‌ఫిష్ ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే మన దగ్గరికి ఈదుకుంటూ వస్తుంది, దాన్ని నమ్మకూడదు.

చివరిగా, చుక్కల రూపంలో ఉండే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ ఈ నాలుగూ కొలిచేది అయి ఉండాలి. ఆరు చేపల మీద, మందుల మీద పెట్టిన ఖర్చుతో పోలిస్తే అది వృథా కాదు. కాగితపు పట్టీలు చవక గానీ వాటి రంగులు అంత నమ్మదగినవి కావు. చాలా కిట్లలో అమ్మోనియా లేకపోతే గాజు గొట్టంలో నీళ్లు నిమ్మపండు పసుపులో ఉంటాయి, ఉన్నకొద్దీ లేత ఆకుపచ్చకు, ముదురు ఆకుపచ్చకు తిరుగుతాయి. పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి రంగు పోల్చండి. వచ్చే ఐదారు వారాలు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూసి, రెండింటిలో ఏది లీటరుకు అర మిల్లీగ్రాముకు చేరినా ఆ రోజే నిలవ ఉంచిన నీళ్లతో నాలుగో వంతు మార్చండి, మర్నాడు మళ్లీ చూసి తగ్గకపోతే మళ్లీ మార్చండి. నైట్రేట్ అంత విషం కాదు, అయినా 40 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదు. వారానికోసారి నాలుగో వంతు మార్చడం ముఖ్యంగా దానికోసమే. మన భూగర్భజలాల్లో చాలాచోట్ల నైట్రేట్ ముందే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఒకసారి మీ సంపు నీళ్లను కూడా కొలిచి చూడండి. తాగునీటికి పరిమితి 45 మిల్లీగ్రాములు. మీ నీళ్లలోనే అంత ఉంటే తొట్టిలో తగ్గడం లేదేమిటని మీరు అనవసరంగా కంగారు పడనక్కరలేదు, అయితే అదే నీళ్లు ఇంట్లో తాగుతున్నారేమో చూసుకోవాలి.

కొత్త చేపల సంగతి అబ్బాయికి మీరే నచ్చజెప్పాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం రోజులు సున్నా చూపించి, నైట్రేట్ కొంత కనిపించినప్పుడే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు కూడా ఈ తొట్టిలో మరో గోల్డ్‌ఫిష్‌కు చోటు లేదు. దుకాణంలో బొటనవేలంత ఉన్న ఆ చేప సరిగా పెరిగితే ఆరు అంగుళాలకు పైగా అవుతుంది, పదేళ్లకు మించి బతుకుతుంది. మీ దగ్గర మిగిలిన రెండింటికే ఏడాది తిరిగేసరికి నూరు లీటర్లకు మించిన తొట్టి కావాలి. పెద్ద తొట్టి పెట్టే ఆలోచన లేకపోతే వాటిని అంత జాగా ఉన్న తెలిసినవారికి ఇచ్చి, ఈ తొట్టిలో ఐదారు మగ గప్పీలనో, మూడు నాలుగు ప్లాటీలనో వేసుకోండి, మీ గట్టి నీళ్లు వాటికి సరిగ్గా సరిపోతాయి. అన్నీ ఒకే రోజు కాకుండా పదిహేను రోజుల తేడాతో రెండు మూడు చొప్పున వేయండి, పెరిగిన చేపల సంఖ్యకు తగినట్టు బ్యాక్టీరియా పెరగడానికి ఆ వ్యవధి కావాలి.

మొదటి పది రోజుల కొలతలు తేదీలతో రాసి పంపండి. తొట్టిలో కొలిచినవే కాక సంపు నీళ్ల పీహెచ్ పట్టిన వెంటనే ఎంత ఉందో, ఒక రోజు నిలవ ఉంచాక ఎంత ఉందో కూడా రాయండి. ఆ రెండు అంకెలూ చూస్తే నీళ్లు ఎంత చొప్పున మార్చాలో మీ ఇంటికి సరిపడేలా చెప్పగలను.